ప్రయాణమునకొక చిన్న కెమెరా

ఒకప్పుడు రేడియో కొనబోవు గృహస్థు అంగడిలో మొదట అడుగు ప్రశ్న ఒకటే: "దీనికి ఎన్ని వాల్వులు?" వాల్వులు పెరిగినకొలది రేడియో గొప్పదని అందరి నమ్మకము. స్వరపు నాణ్యము వాల్వుల లెక్కలో మాత్రమే లేదనియు, స్పీకరు, పెట్టె నిర్మాణము, ఏరియలు కట్టిన తీరు, ఇవన్నియు పొసగినప్పుడే పాట పాటగా వినబడుననియు ఇంటికి తెచ్చుకొని నాలుగు రాత్రులు విన్న పిదపగాని తెలిసెడిది కాదు. నేడు కెమెరా కొనబోవువారి ప్రశ్నయు అట్టిదే. మాట మాత్రము మారినది. "ఎన్ని మెగాపిక్సెళ్ళు?" అని అడుగుచున్నారు. ఆ సంఖ్య పెద్దదైనచో సంతోషించి, వేలకొలది రూపాయలు చెల్లించి, రెండు ప్రయాణములైన పిదప ఆ యంత్రమును బీరువాలో పెట్టి తాళము వేయుచున్నారు.

ప్రయాణములందును, ప్రతిదినము ఇంటియందును ఉపయోగించుటకు, జేబులోనో చేతిసంచిలోనో ఇముడునట్టి మంచి డిజిటలు కెమెరా నెట్లు ఎన్నుకొనవలెనో ఈ వ్యాసమున వివరింప దలచితిమి. ఫలానిది కొనుడని చెప్పుట మా ఉద్దేశము కాదు. కెమెరాల పేర్లు ఏటేట మారుచుండును. వెలుతురు నడక మాత్రము మారదు. ఆ నడక తెలిసినవారికి ఏ అంగడివాని మాటయు భ్రమ గొలుపజాలదు.

ముందుగా ఒక సందేహమును తీర్చుకొందము. ఇంటింట ఫోను ఉండగా, అందులో కెమెరా ఉండగా, వేరొక కెమెరా ఏల? ఈ ప్రశ్న న్యాయమైనదే. జపాను కెమెరా తయారీదారుల సంఘపు లెక్కల ప్రకారము 2010లో ప్రపంచ విపణికి వెడలిన డిజిటలు కెమెరాలు 12 కోట్లకు పైగా నుండెను. 2023 నాటికి ఆ సంఖ్య 80 లక్షల లోపునకు దిగజారినది. అందులో లెన్సు విడదీయుటకు వీలులేని చిన్న కెమెరాలు 10 కోట్లకు పైబడి యుండినవి కాస్త 20 లక్షల లోపునకు వచ్చినవి. ఫోనుతో సమానమైన పనిని మాత్రమే చేయు చిన్న కెమెరాలు దాదాపు అంతరించినవి. ఫోను చేయలేని పనిని చేయగలవే మిగిలినవి.

పగటి వెలుతురులో, రెండు మూడు బారల దూరములో నిలిచిన మనుష్యులను తీయుటకు నేటి మంచి ఫోను చాలును. అది ఒక్క క్షణములో అనేక చిత్రములను తీసి, వాని నొకదానిపై నొకటి కూర్చి, నీడలను తేల్చి, మచ్చలను తుడిచి, చక్కని చిత్రమును చేతికిచ్చును. ఈ విద్యను తక్కువ చేసి మాటలాడుట తగదు. అయితే కదలుచున్న పిల్లవానిని మసక వెలుతురులో తీయవలెనన్నను, దూరపు వస్తువును నిజమైన లెన్సుతో దగ్గరకు తెచ్చుకొనవలెనన్నను, ఎండలో కంటికి ఆనించి చూచి చిత్రము నమర్చుకొనవలెనన్నను ఫోను వెనుకాడును. మీకు ఈ అవసరములు లేనిచో కెమెరా కొనకుండుటయే మేలు. ఆ ధనముతో మరియొక ప్రయాణము చేయవచ్చును.

చిన్న కెమెరాను గురించిన ఆరాటము నేటిది కాదు. సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళు (1844–1905) పెద్ద పెట్టె కెమెరాను, మూడుకాళ్ళ పీటను, గాజు పలకలను మోయించుకొని దేశము తిరిగెను. ఆయన గాజు నెగటివులు రెండువేలకు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. పలక పెద్దదగుటచే చిత్రము సూక్ష్మముగా వచ్చెడిది. కాని ఆ బరువును మోయగలవారెందరు? జర్మనీలో లైట్జ్ సంస్థలో పనిచేసిన ఓస్కార్ బార్నాక్ ఉబ్బసరోగి. పెద్ద కెమెరాను మోయుట అతనికి కష్టముగా నుండెడిది. అతడు సినిమా ఫిల్మును అడ్డముగా నడిపించి, 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గల చిన్న నెగటివునుండి పెద్ద చిత్రమును రాబట్టు యంత్రమును కల్పించెను. అదియే 1925లో లైప్జిగ్ సంతలో లోకమునకు చూపబడిన లైకా కెమెరా. పలక పెద్దదైన చిత్రము బాగుండును, యంత్రము చిన్నదైన వెంట నుండును. ఈ రెంటికిని నాడు మొదలైన పోరు నేటికిని ముగియలేదు.

డిజిటలు కెమెరాలో ఫిల్ముకు బదులు ఉండునది సెన్సరు. దీని పని నొక ఉపమానముతో చెప్పుదుము. వాన కురియుచుండగా ముంగిట ఒక చెంబును, ఒక గంగాళమును పెట్టితిమనుకొనుడు. రెంటిపైనను ఒకే వాన కురియును. అయినను గంగాళములో చేరు నీరే ఎక్కువ. దాని నోరు పెద్దది. సెన్సరు కూడ అట్టి పాత్రయే. అందులో చేరునది వెలుతురు. వెలుతురు సమృద్ధిగా చేరినచో రంగులు నిండుగా, ముఖములు నునుపుగా వచ్చును. చాలనిచో చిత్రమంతయు ఇసుక చల్లినట్లు గరుకుగా నుండును.

చవుక చిన్న కెమెరాలలో ఉండు సెన్సరు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. వైశాల్యము సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. అనగా కందిగింజకు కొంచెము పెద్దది. తరువాతిది "ఒక అంగుళము" సెన్సరు. పేరు చూచి మోసపోరాదు. దానిలో ఏ వైపును అంగుళము లేదు. వెనుకటి టెలివిజను కెమెరా గొట్టముల కొలతనుండి ఆ పేరు మిగిలినది. నిజమునకది 13.2కు 8.8 మిల్లీమీటర్లు, అనగా 116 చదరపు మిల్లీమీటర్లు. ఆ పైది "నాలుగింట మూడు" రకము: 17.3కు 13 మిల్లీమీటర్లు, 225 చదరపు మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ అనునది 23.5కు 15.6 మిల్లీమీటర్లు, సుమారు 367 చదరపు మిల్లీమీటర్లు. బార్నాక్ నిర్ణయించిన 36కు 24 మిల్లీమీటర్ల కొలతకు నేడు "ఫుల్ ఫ్రేము" అని పేరు. దాని వైశాల్యము 864 చదరపు మిల్లీమీటర్లు.

ఇక మెగాపిక్సెలు మాట. పది లక్షల చుక్కలు కలసి ఒక మెగాపిక్సెలు. పాత్ర నోటిని పెంచకుండ దానిలో గదులను మాత్రము పెంచినంత మాత్రమున నీరు ఎక్కువగా చేరదు. 4 అంగుళములకు 6 అంగుళములు కొలత గల ఆల్బము ఫోటోను అంగుళమునకు 300 చుక్కల వంతున అచ్చు వేయుటకు 1200కు 1800 చుక్కలు, అనగా 21 లక్షల 60 వేల చుక్కలు చాలును. అది రెండు మెగాపిక్సెళ్ళకు కొంచెము పైన. గోడకు వ్రేలాడదీయు 12కు 18 అంగుళముల పెద్ద పటమునకును 20 మెగాపిక్సెళ్ళు సరిపోవును. మంచి చిన్న కెమెరాలలో 2012 నాటికే 20 మెగాపిక్సెళ్ళు వచ్చినవి. కావున ఆ సంఖ్యను గూర్చి చింతించు పనిలేదు.

వెలుతురునకు రెండవ ద్వారపాలకుడు లెన్సు. లెన్సు చుట్టును వ్రాసియుండు "ఎఫ్" సంఖ్య కాంతిరంధ్రపు కొలత. ఈ సంఖ్య విచిత్రమైనది: ఎంత చిన్నదైన రంధ్రమంత పెద్దది. ఎఫ్/2.8 నుండి ఎఫ్/5.6కు పోయినచో సంఖ్య రెట్టింపైనది. కాని లోనికి వచ్చు వెలుతురు నాల్గవ వంతునకు తగ్గినది. వెలుతురు సంఖ్యయొక్క వర్గమును బట్టి నడచుటయే దీనికి కారణము. జూము లెన్సులపై రెండు సంఖ్యలుండును. మొదటిది దృశ్యము విశాలముగా నున్నప్పటిది, రెండవది దూరపు వస్తువును దగ్గరకు లాగినప్పటిది. అంగడివారు మొదటి సంఖ్యను బిగ్గరగా చదువుదురు. రెండవదానిని మీరే చదువుకొనవలెను.

ఇప్పుడు గృహస్థు స్వయముగా వేసికొనదగిన యొక చిన్న లెక్కను చెప్పుదుము. సెన్సరు వైశాల్యమును ఎఫ్ సంఖ్య వర్గముచే భాగించుడు. వచ్చిన ఫలమే ఆ కెమెరా వెలుతురు పట్టు శక్తి. ఇది స్థూలమైన లెక్కయే. సెన్సరు నేర్పులో తరతరమునకును భేదము లుండును. అయినను రెండు కెమెరాలను పోల్చుటకు దీనిని మించిన సులభోపాయము మాకు కనబడలేదు.

ఆ లెక్కకు పూనుకొనుటకు మాకు కారణమైన సంగతి యొకటి కలదు. కొన్ని యేండ్ల క్రిందట పాపికొండల ప్రయాణమునకై మేమొక కెమెరా కొంటిమి. ముప్పది రెట్లు జూము, జేబులో పట్టు పరిమాణము. ఇక కావలసినదేమున్నదని మురిసితిమి. పడవలో పోవుచుండగా ఆవలి గట్టుననున్న గుడిసెలు, ఇసుక తిన్నెలపై కొంగలు, కొండ కొమ్మున చెట్లు, అన్నియు చేతికందినట్లు వచ్చినవి. ఆ రాత్రి రాజమండ్రిలో బంధువుల ఇంట బస చేసితిమి. మా అమ్మమ్మ నడవలో మంచముపై కూర్చుండి, పిల్లలను చుట్టును చేర్చుకొని, గోదావరి వరదల నాటి ముచ్చట చెప్పుచున్నది. పైన చిన్న బల్బు ఒకటే. ఆమె చేతులు త్రిప్పుచు చెప్పుచుండగా మేము పది చిత్రములు తీసితిమి. ఇంటికి వచ్చి చూడగా కొంగల ఈకలు లెక్కింపదగి యున్నవి. అమ్మమ్మ ముఖము మాత్రము గరుకు గోడవలె, కన్నులు రెండు మరకలవలె వచ్చినవి. ఫ్లాషు వేసి తీసిన దానిలో ముఖము తెల్లబారి, వెనుక నడవ అంతయు చీకటియై, ఆమె కన్నులు మూసికొని యుండెను. మరుసటి వేసవికి ఆమె లేదు. కొంగల చిత్రములను మరల మేము చూచినది లేదు.

ఆ కెమెరాలో లోపమేమియు లేదు. అది చేయగల పనిని అది చక్కగా చేసినది. మేము కోరవలసినదానిని కోరకపోవుటయే లోపము. అందుచే మేము నేర్చిన సూత్ర మిది: వెలుతురు, దూరము, చిన్నతనము, ఈ మూడింటిలో ఏ కెమెరాయైనను రెంటిని ఇచ్చును, మూడవదానిని తీసికొనును. మూడింటిని ఇచ్చునని చెప్పువారు మీ సొమ్మును గూర్చి మాటలాడుచున్నారు గాని వెలుతురును గూర్చి కాదు. కావున కొనునప్పుడు "నాకేమి కావలెను?" అని గాక, "నేను దేనిని వదులుకొనగలను?" అని ప్రశ్నించుకొనవలెను.

ఇందులకు కొన్ని నిజమైన యంత్రములనే దృష్టాంతముగా చూపుదుము. లెన్సుల దూరమును చెప్పునప్పుడు ఫుల్ ఫ్రేముతో సరిపోల్చిన మిల్లీమీటర్లను చెప్పుట వాడుక. 24 మిల్లీమీటర్లలో గదియంతయు పట్టును. 35లో మనుష్యులును వారి పరిసరములును పొసగి వచ్చును. 100లో ముఖము నిండుగా వచ్చును. 200లో వీధి చివర మనిషి కనబడును. పక్షులకు 600 అయినను చాలునని చెప్పలేము.

మొదటి రకము దూరమును, చిన్నతనమును ఇచ్చి వెలుతురును తీసికొనునది. పానసోనిక్ వారి టీజడ్95 (2019) ఇట్టిది. బరువు 328 గ్రాములు. 24 నుండి 720 మిల్లీమీటర్ల జూము. కాని 28 చదరపు మిల్లీమీటర్ల సెన్సరు, ఎఫ్/3.3 తో మొదలై ఎఫ్/6.4 వరకు పోవు లెన్సు. మన లెక్క ప్రకారము దాని శక్తి 2.6, పూర్తిగా జూము చేసినచో 1కి లోపు. మిట్టమధ్యాహ్నపు ఎండలో దీనికి తిరుగులేదు. దీపములు పెట్టు వేళకు దీని పని ముగియును.

రెండవ రకము వెలుతురును, దూరమును ఇచ్చి చిన్నతనమును తీసికొనునది. సోనీ వారి ఆర్‌ఎక్స్10 నాల్గవ రూపము (2017) ఒక అంగుళపు సెన్సరుతో 24 నుండి 600 మిల్లీమీటర్ల వరకు ఎఫ్/2.4 నుండి ఎఫ్/4 లోపల పనిచేయును. మొదట 20, చివర 7 శక్తి. కాని దాని బరువు 1095 గ్రాములు. నేలపట్టులోనో కొల్లేటిలోనో గూడబాతులను చూడబోవువారికి ఇది తగును. సంతకు పోవుచు సంచిలో వేసికొనువారికి తగదు.

మూడవ రకము వెలుతురును, చిన్నతనమును ఇచ్చి దూరమును తీసికొనునది. రీకో వారి జీఆర్ త్రీ (2019) బరువు 257 గ్రాములే. ఏపీఎస్-సీ సెన్సరు, 28 మిల్లీమీటర్ల స్థిరమైన ఎఫ్/2.8 లెన్సు. శక్తి 47. జూము లేదు, ఫ్లాషు లేదు, కంటికి ఆనించి చూచు గాజు లేదు. 2021లో 40 మిల్లీమీటర్ల లెన్సుతో దీని సోదరియు, 2025లో జీఆర్ ఫోర్ అను తరువాతి తరమును వచ్చినవి. ఫుజీఫిల్మ్ వారి ఎక్స్100 సిక్స్ (2024) అదే కొలత సెన్సరుతో, 35 మిల్లీమీటర్లకు సమానమైన ఎఫ్/2 లెన్సుతో 92 శక్తి గలది. చూచు గాజు కూడ కలదు. బరువు 521 గ్రాములు. కోటు జేబునకే గాని చొక్కా జేబునకు చాలదు. విడుదలనాడు అమెరికాలో దాని వెల 1,599 డాలర్లు.

ఈ మూడింటి నడుమ రాజీమార్గము కలదు. ఒక అంగుళపు సెన్సరుకు మితమైన జూమును చేర్చుటయే అది. 2012లో సోనీ వారి ఆర్‌ఎక్స్100 ఈ దారిని తెరచినది. కానన్ వారి జీ7ఎక్స్ మూడవ రూపము (2019) 24 నుండి 100 మిల్లీమీటర్ల వరకు ఎఫ్/1.8 నుండి ఎఫ్/2.8 లోపల నడచును. శక్తి మొదట 36. చివర కూడ 15. అనగా పెద్ద సెన్సరు గల జీఆర్ త్రీకి ఇది మిక్కిలి వెనుకబడలేదు. లెన్సు వెలుగైనదగుటచే సెన్సరు లోటు చాలవరకు తీరినది. అదే సంవత్సరము వచ్చిన ఆర్‌ఎక్స్100 ఏడవ రూపము 200 మిల్లీమీటర్ల వరకు పోవును; దానికై వెలుతురులో కొంత చెల్లించును: మొదట 15, చివర 6 శక్తి. రెండును ఒకే కొలత సెన్సరు గలవి, రెండును 300 గ్రాముల ప్రాంతమువి. ఒకటి వెలుతురు వైపు, ఒకటి దూరము వైపు మొగ్గినవి. ఇక్కడ పేర్కొన్నవానిలో కొన్ని నేడు క్రొత్తవిగా దొరకకపోవచ్చును. కొలతలు తెలిసినచో వాని స్థానమున వచ్చువానిని పోల్చుకొనుట సులభమే.

నేడు కొన్ని మంచి ఫోనులలో సెన్సరు వైశాల్యము 70 చదరపు మిల్లీమీటర్లకు చేరినది. ఒక అంగుళపు సెన్సరు గల ఫోనులును వచ్చినవి. అందుచే 28 చదరపు మిల్లీమీటర్ల పాత కెమెరాలను, అవి మరల వేడుకగా మారినవని విని, హెచ్చు వెలకు కొనుట వివేకము కాదు. వాని చిత్రముల పాతవాసన ఇష్టమైనవారు పెట్టెలో మూల పడియున్న దానినే తీసి వాడుకొనవచ్చును.

సెన్సరు, లెన్సు నిర్ణయమైన పిదప విచారింపవలసిన చిన్న సంగతులు కొన్ని కలవు. మన వైశాఖపు ఎండలో వెనుక తెర ఏమియు కనబడదు. ఆరుబయట ఎక్కువగా తీయువారికి చూచు గాజు విలాసము కాదు, అవసరము. చేతి వణకును సరిచేయు ఏర్పాటు మంచిదే. కాని అది మీ చేతిని నిలుపును గాని పరుగిడు పిల్లవానిని నిలుపదు. అందుకు వెలుతురే కావలెను. లేపాక్షి వీరభద్రాలయ మంటపపు పైకప్పు చిత్రములవంటివి కదలవు. అచ్చట వణకు సరిచేయు ఏర్పాటు, విశాలమైన లెన్సు రెండును ఉపకరించును. పురావస్తు శాఖ రక్షణలోనున్న కట్టడములలో మూడుకాళ్ళ పీట వాడుటకు ముందుగా అనుమతి పొందవలెనని మరువరాదు. గర్భాలయములందు ఫోటో వలదన్నచో కెమెరాను సంచిలో పెట్టుటయే మర్యాద.

బ్యాటరీ సంగతి. చిన్న యంత్రములో చిన్న బ్యాటరీయే పట్టును. జీఆర్ త్రీవంటి దానికి నిండుగా నింపిన బ్యాటరీ సుమారు 200 చిత్రములకు వచ్చును. కావున ప్రయాణమునకు ఒకటి రెండు అదనముగా నుంచుకొనవలెను. విమానమున పోవువారు ఆ అదనపు లిథియము బ్యాటరీలను చేతిసామానులోనే ఉంచుకొనవలెను. లోపలికి పంపు పెట్టెలో పెట్టరాదు.

మన వాతావరణమును కూడ గమనింపవలెను. విశాఖ, కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్ళలో తేమచేత లెన్సు గాజుపై బూజు పట్టును. తోలు తొడుగులో పెట్టి బీరువాలో మూసియుంచుట కెమెరాకు హాని; తోలు తేమను పట్టి యుంచును. మూత గట్టిగా పడు ప్లాస్టికు డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో ఉంచుట మేలు. అన్నింటికంటె మంచి ఔషధము తరచుగా బయటకు తీసి వాడుట. ముందుకు పొడుచుకొనివచ్చి మరల లోనికి పోవు లెన్సులు దుమ్మును లోనికి లాగును. కావున బట్టల సంచిలో ఊరక పడవేయక, చిన్న గుడ్డసంచిలో ఉంచవలెను. ఎండలో నిలిపిన కారులో కెమెరాను విడువరాదు.

ఇక అంగడికి పోవుదము. మీ మెమరీ కార్డును మీరే తీసికొనిపొండు. వెలుగు దీపముల క్రింద అమర్చిన పూలకుండీని తీసి చూపుదురు. దానికి తల యూపక, అంగడిలో మిక్కిలి చీకటిగా నున్న మూలను వెదకి, అచ్చట మీ వెంట వచ్చినవారి ముఖమును తీయుడు. జూము లేకుండ నొకటి, పూర్తిగా జూము చేసి నొకటి. ఐఎస్ఓ 1600 వద్ద నొకటి, 3200 వద్ద నొకటి. ఇంటికి వచ్చి పెద్ద తెరపై కన్నులను, కనుబొమలను పరిశీలింపుడు. వెంట్రుకలు వెంట్రుకలుగా నున్నచో అది మీ యింటికి తగిన కెమెరా. వారంటీ కార్డు మన దేశమున చెల్లునా, ఆ బ్యాటరీ విడిగా దొరకునా, బిల్లుపై కెమెరా సంఖ్య వ్రాసిరా, ఈ మూడింటిని చూడనిదే డబ్బు చెల్లింపకుడు.

ఒకరు వాడినదానిని కొనుట తప్పుకాదు. పదేండ్లనాటి ఒక అంగుళపు కెమెరా నేటి చవుక క్రొత్తదానికంటె మేలు కావచ్చును. అయితే లెన్సు తడబాటు లేక వెలువడి లోనికి పోవుచున్నదా యని పదిసార్లు చూడవలెను. తెల్లని గోడను ఎఫ్/11 వద్ద తీసి, చిత్రములో నల్లని మచ్చలున్నవేమో వెదకవలెను. ఉన్నచో సెన్సరుపై దుమ్ము చేరినదని అర్థము. లెన్సులోనికి దీపపు వెలుగు ప్రసరింపజేసి సాలెగూటివంటి బూజు కలదేమో చూడవలెను.

తీసిన చిత్రములను కాపాడుకొనుట మరియొక ధర్మము. కార్డు పోవును, ఫోను పగులును, కంప్యూటరు చెడును. కావున ప్రతి ప్రయాణము ముగియగానే చిత్రములను రెండు వేర్వేరు చోట్ల నిలుపవలెను. ఒకటి ఇంటిలో, ఒకటి వేరొక ఊరిలోనున్న మనవారి ఇంటిలో ఉన్నచో మరింత క్షేమము. సంవత్సరమునకు ఇరువది చిత్రములనైనను ఏరి, ఆల్బము కొలతలో అచ్చు వేయించి, వెనుక పేర్లు, తేదీ, ఊరు వ్రాసి ఉంచవలెను. పేరు లేని చిత్రము రెండు తరములలో అనాథ యగును.

ఇంతకును ఏది కొనవలెను? గత సంవత్సరము మీరు ఫోనుతో తీసిన చిత్రములను ఒక సాయంకాలము కూర్చుండి చూడుడు. చెడిపోయినందుకు మీకు నిజముగా బాధ కలిగించినవి ఏవి? దూరముననున్నవి చిన్నవిగా వచ్చినందుకు బాధయైనచో జూమును ఎన్నుకొనుడు. ఇంటిలో, సాయంసమయమున, మనవారి ముఖములు మసకబారినందుకు బాధయైనచో వెలుగైన లెన్సును, పెద్ద సెన్సరును ఎన్నుకొనుడు. బరువని ఇంట విడిచి పోయినందుకు బాధయైనచో మిక్కిలి చిన్నదానిని ఎన్నుకొనుడు. బాధ ఏదియు లేదనిపించినచో ధనమును దాచుకొనుడు.

మేము రెండవసారి కొన్నది జూము లేని చిన్న కెమెరా. కొండలు దూరముగానే ఉండిపోవుచున్నవి. అందులకు విచారము లేదు, అవి వచ్చే యేటికిని అచ్చటనే ఉండును. రాత్రి భోజనములైన పిదప నడవలో చిన్న బల్బు క్రింద పెద్దవారు ముచ్చటలు చెప్పునప్పుడు అది చేతికందు దూరములో బల్లపై నుండును.